సిక్సర్ జబ్బల్లో పుట్టదు

2005 ఏప్రిల్ 5న విశాఖపట్నం మధురవాడ స్టేడియంలో మహేంద్ర సింగ్ ధోనీ పాకిస్తాన్ మీద 123 బంతుల్లో 148 పరుగులు చేశాడు. అనకాపల్లి నుంచి వెళ్లి ఆ ఆట చూసినవాళ్లు, టీవీలో చూసినవాళ్లు ఇప్పటికీ దాని గురించి మాట్లాడుతూనే ఉంటారు. పొడవాటి జుట్టు, విరిసిన ఛాతీ, దుక్కల్లాంటి చేతులు. ఆ కుర్రాడు రోజుకు లీటర్ల కొద్దీ పాలు తాగుతాడన్న కథ కూడా అప్పట్లో ఊరూరా తిరిగింది. ఆ కథ నుంచి మన మైదానాల్లో ఒక నమ్మకం పాతుకుపోయింది. బంతి దూరం పోవాలంటే జబ్బల్లో కండ ఉండాలి, చేతిలో బరువైన బ్యాట్ ఉండాలి, దాన్ని ఉడుంపట్టు పట్టి బాదాలి.

ఈ మూడూ తప్పే. కొంచెం తప్పని, కొన్ని సందర్భాల్లో తప్పని సర్దిచెప్పను. ఈ నమ్మకం వల్ల నష్టపోతున్నది పదేళ్ల నుంచి పదహారేళ్ల లోపు పిల్లలు కాబట్టి గట్టిగానే చెప్పాలి.

సాయంత్రం వేళ మన ఊళ్లో ఏ మైదానం పక్కనైనా కాసేపు నిలబడి వినండి. సన్నగా ఉన్న పిల్లాడు బ్యాట్ పట్టుకుంటే "ముందు తిని రారా" అంటారు. వాడిని స్పిన్ వెయ్యమని పంపేస్తారు, లేకపోతే కీపింగ్‌కి నిలబెడతారు. వయసుకు మించి ఒళ్లు చేసిన పిల్లాణ్ని మూడో స్థానంలో దింపుతారు. పన్నెండేళ్లవాడికి తండ్రి అప్పుచేసి కొనిచ్చే బ్యాట్ పెద్దవాళ్లు ఆడేది, 1,200 గ్రాములది. పెరిగేకొద్దీ పనికొస్తుందని. ఆ పిల్లాడు దాన్ని ఎత్తలేక భుజాన్ని వంచుతాడు, బంతి దాటిపోయాక బ్యాట్ దింపుతాడు. "వీడికి దమ్ము లేదు" అని అందరూ తీర్మానిస్తారు. వాడికి దమ్ముంది. ఆ బ్యాట్ వాడిది కాదు.

ఉత్తరాంధ్రలో బలానికి గౌరవం ఇవ్వడం కొత్త సంగతి కాదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు ఇనుప గొలుసులు తెంపిన కథలు వింటూ పెరిగినవాళ్లం. బలాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. ఒంట్లో ఏ భాగపు బలం, ఏ క్షణాన, ఏ వరుసలో బ్యాట్‌లోకి చేరుతుందన్న ప్రశ్నను మనవాళ్లు ఎప్పుడూ అడగలేదన్నదే నా ఫిర్యాదు.

ఆ ప్రశ్నను పట్టుకుని దశాబ్దాలుగా లెక్కలు కట్టింది బేస్‌బాల్ ప్రపంచం. మన దగ్గర బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ స్కూల్ గేమ్స్‌లో ఉన్నాయి, క్రీడా కోటా కోసం ఆడే పిల్లలూ ఉన్నారు, కానీ ఆ ఆట వెనక ఉన్న శాస్త్రం మాత్రం మన క్రికెట్ నెట్స్ దాకా రాలేదు. రావాలి.

ముందు బంతి సంగతి చూద్దాం. బ్యాట్‌ను తాకి వెళ్లే బంతికి వేగం రెండు చోట్ల నుంచి వస్తుంది: వచ్చే బంతి వేగం నుంచి, బ్యాట్ వేగం నుంచి. ఈ రెండింటి వాటా సమానం కాదు. ఇలినాయ్ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర విశ్రాంత ఆచార్యుడు అలాన్ నేథన్ వంటివాళ్లు తేల్చిన లెక్క ప్రకారం, చెక్క బేస్‌బాల్ బ్యాట్‌తో సరిగ్గా మధ్యలో కొడితే, వచ్చే బంతి వేగంలో సుమారు ఐదో వంతు మాత్రమే తిరిగి కలుస్తుంది. బ్యాట్ వేగం మాత్రం ఒకటింబావుకు కాస్త తక్కువగా, అంటే 1.2 రెట్లు కలుస్తుంది. గంటకు 144 కిలోమీటర్లతో వచ్చే బంతిని 112 కిలోమీటర్ల వేగంతో తిరిగే బ్యాట్ తాకితే బంతి వెళ్లే వేగం సుమారు 163. అందులో 134 బ్యాట్ ఇచ్చిందే. "బౌలర్ పేస్‌ను వాడుకుంటే చాలు" అనే మాట లేట్ కట్‌కి సరిపోతుందేమో గాని సిక్సర్‌కి సరిపోదు. మన ఊరి పిచ్‌ల మీద బంతి నేలను తాకాక చచ్చిపోయి వస్తుంది. అలాంటిచోట బ్యాట్ వేగం తప్ప ఇంకో ఆధారమే లేదు.

ఇప్పుడు బరువు సంగతి. అదే లెక్కలో బ్యాట్ బరువును 10 శాతం పెంచి, తిప్పే వేగం ఏమాత్రం తగ్గలేదనుకుందాం. 163 కాస్తా సుమారు 169 అవుతుంది. బరువు ముట్టుకోకుండా వేగాన్ని 10 శాతం పెంచితే 176 దాటుతుంది. అసలు చిక్కు ఏమిటంటే బరువు పెరిగితే వేగం అలాగే నిలవదు. బ్యాట్ వేగం గంటకు 5 కిలోమీటర్లు తగ్గితే చాలు, బరువు తెచ్చిన ఆ ఆరు కిలోమీటర్ల లాభం మొత్తం పోతుంది. పైగా బరువైన బ్యాట్ ఆలస్యంగా కదులుతుంది. గంటకు 140 కిలోమీటర్ల బంతి బౌలర్ చెయ్యి వదిలాక బ్యాటర్‌ని చేరడానికి పట్టేది సుమారు అరసెకను. అందులో ఆలస్యానికి చోటు లేదు.

మనవాళ్లు సంక్రాంతి టోర్నమెంట్లలో ఎక్కువగా ఆడేది టెన్నిస్ బంతితో. మామూలు టెన్నిస్ బంతి 60 గ్రాముల లోపే ఉంటుంది, క్రికెట్ బంతి 156 నుంచి 163 గ్రాములు. బంతి ఎంత తేలికైతే బ్యాట్‌కి అదనంగా చేర్చిన బరువు అంత వృథా. కిలో బ్యాట్ ముందు 60 గ్రాముల బంతి ఎప్పుడో ఓడిపోయింది. బ్యాట్‌కి ఇంకో వంద గ్రాములు చేర్చితే బంతి వేగంలో వచ్చే తేడా 1 శాతం దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి బరువైన బ్యాట్ అవసరం అన్నింటికంటే తక్కువగా ఉండే ఆటలోనే మనవాళ్లు దానికోసం అన్నింటికంటే ఎక్కువగా వెతుకుతున్నారు.

బరువు తగ్గించి దూరం పెంచుకున్నవాళ్ల చరిత్ర ఉంది. షికాగో కబ్స్ ఆటగాడు ఎర్నీ బ్యాంక్స్ 1954లో 19 హోమ్ రన్లు (బేస్‌బాల్‌లో మన సిక్సర్ లాంటివి) కొట్టాడు. మరుసటి ఏడాది 31 ఔన్సుల, అంటే సుమారు 880 గ్రాముల తేలిక బ్యాట్ పట్టాడు. హోమ్ రన్లు 44 అయ్యాయి. బ్యాంక్స్ సన్నగా, రివటలా ఉండే మనిషి. మణికట్టు వేగానికి పేరుపడ్డ హ్యాంక్ ఆరన్ 755 హోమ్ రన్లు కొట్టాడు. ఆరడుగుల మనిషి, 82 కిలోల బరువు. మన మైదానంలో అయితే ఈ ఇద్దరికీ ఏ స్థానం దక్కేదో ఆలోచించండి.

దీనికి ఎదురుగా రెండు పేర్లు తప్పకుండా వస్తాయి. ఒకటి సచిన్ టెండూల్కర్. ఆయన సుమారు మూడు పౌండ్లకు పైబడిన బ్యాట్‌తో ఆడాడన్నది నిజమే. రెండోది బేబ్ రూత్. 40 ఔన్సులకు పైబడిన బ్యాట్లతో ఆడి 1927లో 60 హోమ్ రన్లు కొట్టాడు. ఇద్దరూ నిజమైన ఉదాహరణలే, కానీ బరువైన బ్యాట్ వాదానికి పనికిరావు. రూత్ కాలంలో బంతులు ఇప్పటంత వేగంగా వచ్చేవి కావు. అమెరికాలో ఈనాటి మేటి ఆటగాళ్లు ఎక్కువగా 31 నుంచి 33 ఔన్సుల బ్యాట్లతోనే ఆడుతున్నారు, అదీ రూత్ కంటే కండలు పెంచినవాళ్లు. టెండూల్కర్ చిన్నప్పటినుంచీ ఆ బరువుకు అలవాటుపడిన అసాధారణమైన మనిషి. ఆయన బ్యాట్‌ను అనుకరించడం సులువు, సరైన క్షణాన్ని పట్టుకునే ఆయన కన్నును కొనలేం. అదీగాక తూకంలో కనిపించే బరువు కంటే ఆ బరువు ఎక్కడుందన్నది ముఖ్యం. ఒకే తూకం ఉన్న రెండు బ్యాట్లలో అడుగున దిమ్మ ఉన్నది తిప్పడానికి బరువుగా, పిడి వైపు బరువున్నది తేలికగా ఉంటాయి. దుకాణంలో బ్యాట్‌ను త్రాసులో వేయించుకునే తండ్రులు దాన్ని ఒకసారి పిల్లాడి చేత గాల్లో తిప్పించి చూస్తే ఈ తేడా తెలుస్తుంది.

సరే, వేగం ఎక్కడ పుడుతుంది? నూకాలమ్మ జాతరలో రంగులరాట్నం ఎక్కినవాళ్లకు తెలుసు, నడిమి ఇరుసు నెమ్మదిగా తిరుగుతున్నట్టే ఉంటుంది, అంచున కూర్చున్నవాడి పంచె మాత్రం ఎగిరిపోతుంది. బ్యాటర్ ఒంట్లో ఇరుసు నడుము, అంచు బ్యాట్ కొన. ఒక తేడా ఉంది. రంగులరాట్నం మొత్తం ఒకేసారి తిరుగుతుంది, ఒళ్లు అలా తిరగకూడదు. వంతులవారీగా తిరగాలి.

వెనక కాలి మీద బరువు మోపి ఉన్న బ్యాటర్ ముందు కాలు నేలకు ఆన్చగానే తుంటి తిరగడం మొదలవుతుంది. భుజాలు అప్పుడే తిరగవు, ఒక్క క్షణం వెనకబడతాయి. ఆ క్షణంలో నడుముకూ భుజాలకూ మధ్య ఒళ్లు మెలిపడుతుంది. ముందు కాలు బిగిసి నిటారవుతుంది, తుంటికి కళ్లెం పడుతుంది, ఆగిన తుంటి వేగం భుజాల్లోకి పోతుంది. భుజాలు నెమ్మదిస్తే వేగం చేతుల్లోకి, ముందరి మోచెయ్యి చాచుకుంటే మణికట్టులోకి, చిట్టచివర్న మణికట్టు విడివడితే బ్యాట్‌లోకి. ప్రతి భాగమూ తన వంతు వేగం అందుకుని, ఆగి, తర్వాతి భాగానికి అప్పగిస్తుంది. 1995లో వెల్చ్, ఆయన సహచరులు బేస్‌బాల్ హిట్టర్లను కొలిచి చూస్తే తుంటి సెకనుకు 714 డిగ్రీల వేగాన్ని, దాని తర్వాత భుజాలు 937 డిగ్రీల వేగాన్ని అందుకున్నాయి. బ్యాట్ సెకనుకు 31 మీటర్లు, అంటే గంటకు 110 కిలోమీటర్ల పైన. ఈ వరుసలో జబ్బలది చివరి మెట్టుకు ముందు మెట్టు. అక్కడ కొత్తగా పుట్టే బలం తక్కువ, కింది నుంచి వచ్చినదాన్ని పాడుచేయకుండా దాటించడమే వాటి ప్రధాన పని.

"అది బేస్‌బాల్ కదా, మనది బౌన్స్ అయ్యే బంతి, బల్లపరుపు బ్యాట్" అంటారు. ఈ అభ్యంతరం నాకు చాలాసార్లు ఎదురైంది, దీనికి జవాబు క్రికెట్ నుంచే ఉంది. ఇంగ్లండ్‌లోని లఫ్‌బరో విశ్వవిద్యాలయంలో పెప్లో, ఆయన సహచరులు బ్యాటర్ల చేత బంతిని వీలైనంత దూరం కొట్టించి కొలిచారు. 2019లో వచ్చిన వాళ్ల అధ్యయనంలో, ఒకరి బ్యాట్ వేగానికీ మరొకరి బ్యాట్ వేగానికీ ఉన్న తేడాలో 78 శాతాన్ని మూడే మూడు అంశాలు వివరించాయి. డౌన్‌స్వింగ్ మొదలయ్యేటప్పుడు తుంటికీ ఛాతీకీ మధ్య ఉన్న మెలి ఒకటి, ముందరి మోచెయ్యి చాచుకోవడం రెండోది, మణికట్టు విడివడటం మూడోది. మూడూ కదలికలే. జబ్బ చుట్టుకొలత ఆ మూడింటిలో లేదు. ఇంగ్లండ్ కోచ్ జూలియన్ వుడ్ బేస్‌బాల్ పద్ధతులు చూసొచ్చి క్రికెటర్లకు పవర్ హిట్టింగ్ నేర్పడం మొదలుపెట్టాడు. బంతి ఎక్కడ తగులుతుంది, ఏ కోణంలో లేస్తుంది అన్నవి రెండు ఆటల్లో వేరు. మనిషి ఒళ్లు తిరిగే వరుస మాత్రం ఒకటే.

మన పక్కనే ఇంకో సాక్ష్యం ఉంది. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఆ బరువును చేతులు లేపవు. కాళ్లు నేలను తొక్కితే, తుంటి ఒక్కసారిగా విచ్చుకుంటే ఆ ఊపుకు బార్ పైకి లేస్తుంది. చేతులు దాన్ని పట్టుకుని ఉంటాయంతే. లిఫ్టర్ ముందే చేతులతో లాగితే ఆ లిఫ్ట్ చెడిపోతుందని మన ప్రాంతంలోని ఏ వెయిట్‌లిఫ్టింగ్ కోచ్‌ని అడిగినా చెబుతారు. ఇన్ని వ్యాయామశాలలున్న ప్రాంతంలో క్రికెట్ పిల్లలు మాత్రం అద్దం ముందు నిలబడి డంబెల్ ఎత్తుతూ ముంజేతుల్ని చూసుకుంటున్నారు.

ఇక కళ్లముందు ఉన్నవాళ్లు. 2025 ఏప్రిల్ 28న జైపూర్‌లో వైభవ్ సూర్యవంశీ గుజరాత్ టైటాన్స్ మీద 35 బంతుల్లో సెంచరీ కొట్టాడు, 11 సిక్సర్లతో. వయసు 14 ఏళ్లు. పద్నాలుగేళ్ల పిల్లాడి జబ్బల్లో అంతర్జాతీయ బౌలర్లను స్టాండ్స్‌లోకి పంపే కండ ఎక్కడుంటుంది? వాడి బ్యాక్‌లిఫ్ట్ చూడండి, తుంటి ముందుకు దూసుకుపోతుంటే చేతులు ఎంత వెనక ఉంటాయో చూడండి. మన హైదరాబాద్ తిలక్ వర్మ 2024 నవంబర్‌లో దక్షిణాఫ్రికా మీద వరుసగా రెండు సెంచరీలు చేశాడు. జొహానెస్‌బర్గ్‌లో 47 బంతుల్లో 120, అందులో 10 సిక్సర్లు. చొక్కా వేలాడేంత సన్నగా ఉంటాడు. వందేళ్ల కిందకు వెళ్లండి. తెలుగు కుటుంబంలో పుట్టిన సి.కె. నాయుడు 1926 డిసెంబర్‌లో బొంబాయి జింఖానా మైదానంలో ఎం.సి.సి. మీద రెండు గంటల లోపే 153 పరుగులు చేశాడు. 11 సిక్సర్లు. అప్పటి బ్యాట్లకు ఇప్పటిలా మందపాటి అంచులు లేవు. తర్వాత 1953-54లో, అరవైకి దగ్గరపడ్డ వయసులో, ఆయనే ఆంధ్ర జట్టుకు రంజీల్లో నాయకత్వం వహించాడు. నిటారైన పొడవాటి మనిషి, పహిల్వాన్ కాదు.

బలంగా ఉన్నవాళ్లు కూడా దూరం కొడతారు కదా అంటే, కొడతారు. అమెరికన్ మేజర్ లీగ్ బేస్‌బాల్ 2024 మే నుంచి ప్రతి ఆటగాడి బ్యాట్ వేగాన్ని బయటపెడుతోంది. సగటు గంటకు 116 కిలోమీటర్ల దగ్గర ఉంటే, 198 సెంటీమీటర్ల పొడవున్న జియాన్‌కార్లో స్టాంటన్ 130 దాకా తిప్పుతున్నాడు. ఒళ్లు సాయపడుతుంది, ముఖ్యంగా తొడలు, పిరుదులు, నడుము. ఆ బలం పెంచమనే నేనూ అంటున్నాను. కానీ అదే పట్టికలో చిట్టచివర, సుమారు 101 కిలోమీటర్ల దగ్గర ఉన్న లూయిస్ అరాయెజ్ 2022, 2023, 2024ల్లో వరుసగా మూడేళ్లు, మూడు వేర్వేరు జట్లకు ఆడుతూ, అత్యధిక బ్యాటింగ్ సగటుకు దక్కే బ్యాటింగ్ టైటిల్ గెలిచాడు. హోమ్ రన్లు పెద్దగా కొట్టడు, బంతిని మాత్రం బ్యాట్ నడిమధ్యకు తెచ్చుకుంటాడు. వేగం ఉంటే అంతా ఉన్నట్టేనని నేను అనను. వేగం కావాలనుకున్నవాడు దాన్ని తప్పు చోట వెతుకుతున్నాడనే అంటున్నాను.

ఉడుంపట్టు సంగతి మిగిలింది. "బంతి తగిలేటప్పుడు గట్టిగా పట్టుకో" అన్నది మన నెట్స్‌లో వేదవాక్యం. బ్యాట్, బంతి కలిసి ఉండే కాలం సెకనులో సుమారు వెయ్యో వంతు. బంతి తగిలిన చోట పుట్టిన ప్రకంపన పిడి దాకా వచ్చి చేతికి అందేలోపే బంతి వెళ్లిపోయి ఉంటుంది. అంటే ఆ తాకిడి జరిగినంతసేపూ బ్యాట్‌ను ఎవరూ పట్టుకోనట్టే లెక్క. 2012లో సిన్సినాటి రెడ్స్ ఆటగాడు టాడ్ ఫ్రేజర్ చేతుల్లోంచి బ్యాట్ జారిపోతున్న క్షణంలోనే బంతి తగిలింది, అయినా అది హోమ్ రన్ అయింది. పట్టు అవసరం బ్యాట్‌ను దారిలో ఉంచడానికి, అంతకుమించి కాదు. ముందునుంచే బిగించిన ముంజేతులు మణికట్టును తాళం వేసేస్తాయి, లఫ్‌బరో అధ్యయనం చెప్పిన మూడింటిలో ఒక అంశం అక్కడే చచ్చిపోతుంది. పిల్లల మెడ నరాలు ఉబ్బేలా పిడి నొక్కించే కోచ్‌లు చేస్తున్నది అదే.

బ్యాటింగ్‌కు దిగేముందు రెండు బ్యాట్లు కలిపి తిప్పడం, బ్యాట్‌కు బరువు తొడిగి తిప్పడం కూడా మానాలి. ఆ వెంటనే తన బ్యాట్ తేలిగ్గా అనిపిస్తుంది నిజమే, కొలిచి చూస్తే మాత్రం వేగం తగ్గుతుందని బేస్‌బాల్ పరిశోధనలు మళ్లీ మళ్లీ చూపించాయి. బరువు, తేలిక బ్యాట్లను మార్చి మార్చి వారాల తరబడి సాధన చేయడం వేరు, దానివల్ల లాభం ఉంది. క్రీజులోకి వెళ్లేముందు చేసేది వేరు.

అన్నింటికంటే నాకు బాధ కలిగించే వాదన చివరిది. "పిల్లలకు ముందు డిఫెన్స్ నేర్పాలి, బ్యాట్‌ను నేలకు ఆన్చి నిటారుగా ఎత్తాలి, వేగం తర్వాత వస్తుంది." డిఫెన్స్ నేర్పండి, కాదనను. కానీ బ్యాట్‌ను రెండో స్లిప్ వైపు ఎత్తి గుండ్రంగా దింపిన డాన్ బ్రాడ్‌మన్ సగటు 99.94. ఆ పద్ధతి ఆయనకు కోచింగ్ పుస్తకం నేర్పలేదు. బౌరాల్‌లో ఇంటి వెనక నీళ్ల ట్యాంకు అరుగుకు గోల్ఫ్ బంతిని విసిరి స్టంప్‌తో కొట్టుకుంటూ నేర్చుకున్నాడు. కర్రా బిళ్ళ ఆడిన మన పిల్లలకూ ఆ గుండ్రటి ఊపు పుట్టుకతో వచ్చినట్టే ఉంటుంది. ఎనిమిదేళ్లకు దాన్ని తుడిచేసి, పద్దెనిమిదేళ్లకు జిమ్‌లో తిరిగి కొనుక్కోమంటున్నాం.

కొలవడానికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. ఇవాళ చాలా ఫోన్లలో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ ఉంది. పక్కనుంచి తీసి చూస్తే ముందు కాలు ఆనినప్పుడు తుంటి, భుజాలు కలిసి తిరిగాయా, వేర్వేరుగా తిరిగాయా అన్నది తండ్రికి కూడా కనిపిస్తుంది. పాత ఫుట్‌బాల్‌లో కాస్త ఇసుక నింపి, పక్కకు తిరిగి నిలబడి నడుముతో గోడకు విసిరిస్తే ఆ మెలి ఏమిటో పిల్లాడి ఒంటికి తెలుస్తుంది.

కోచ్‌లకు, వ్యాయామ ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు నా విన్నపం ఇది. వచ్చే వేసవి శిబిరంలో పిల్లల్ని ఎంపిక చేసేటప్పుడు జబ్బలు చూడకండి, ఫోన్‌లో వాళ్ల నడుము చూడండి. పన్నెండేళ్ల పిల్లాడికి బ్యాట్ కొనేముందు ఒంటిచేత్తో పట్టి పక్కకు చాచమనండి. కాసేపైనా వణక్కుండా పట్టుకోలేకపోతే అది ఎంత మంచి కంపెనీదైనా అక్కడే వదిలేసి, తేలికది కొనండి.